పన్నెండు పాత డిస్కులు, మూడు కాయిన్ల తగువు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. రాజాంలో మీకు సీసీ కెమెరాల దుకాణం ఉంది. పాత డీవీఆర్‌లు మార్చినప్పుడు మిగిలిపోయిన 4 టీబీ హార్డ్ డిస్కులు పన్నెండు పోగయ్యాయి. ఖాళీ డిస్కు చోటు ఇచ్చి క్రిప్టో కాయిన్లు సంపాదించే పథకాలు కొన్ని ఉన్నాయి. వాటిలో చియా అనేదాని ఫార్మింగ్ మొదలుపెట్టమని మీ బావగారు అంటున్నారు. విశాఖలో ఉద్యోగం చేసే మీ స్నేహితుడు ఫైల్‌కాయిన్ తప్ప మిగతావన్నీ దండగ అంటున్నాడు. మూడో ఆయనెవరో స్టోర్జ్ పేరు చెప్పారు. వీటిలో ఏది మంచిది, ఇంకో పది డిస్కులు కొనవచ్చా అని అడిగారు.

రెండో ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో అయిపోతుంది. కొనవద్దు. మొదటి ప్రశ్నకు మాత్రం కాస్త ఓపిక పట్టాలి. మీ ముగ్గురు సలహాదారులూ ఒకే రకం వ్యాపారం గురించి వాదించుకుంటున్నామని అనుకుంటున్నారు. నిజానికి వాళ్లు మాట్లాడుతున్నది మూడు వేర్వేరు వ్యాపారాల గురించి.

ముందు నా సంగతి చెబుతాను. విజయనగరంలో నాకు కంప్యూటర్ల మరమ్మతు దుకాణం ఉంది. 2021 మే నెలలో, లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని, ఏడు 8 టీబీ డిస్కులు కొని చియా మొదలుపెట్టాను. ‘రాత్రంతా ప్లాట్లు వేస్తున్నాడు’ అని మా ఆవిడ ఫోనులో చెబితే, మా మామగారు భోగాపురం విమానాశ్రయం దగ్గర స్థలం కొన్నాననుకుని మరునాడే వచ్చారు. ఆ డబ్బుతో నిజంగా అక్కడ ఒక సెంటు కొన్నా ఈపాటికి బాగుపడేవాణ్ని.

చియాను తయారుచేసింది బ్రామ్ కోహెన్. ఫైళ్లు పంచుకునే బిట్‌టొరెంట్ సృష్టికర్త ఆయనే. 2017లో కంపెనీ పెట్టాడు, 2021 మార్చిలో నెట్‌వర్క్ మొదలైంది, మే 3 నుంచి లావాదేవీలు తెరిచారు. బిట్‌కాయిన్ లాగా కరెంటు తగలబెట్టి లెక్కలు చేయించకుండా, ఖాళీ డిస్కు చోటునే సాక్ష్యంగా తీసుకోవడం దీని మూల సూత్రం. ఆ ఆలోచన ఆయన కంటే ముందే ఉంది. 2014లో వచ్చిన బర్స్ట్‌కాయిన్ డిస్కు చోటుతోనే నడిచింది. దాన్ని పుట్టించిన మనిషి పేరు కూడా చెప్పకుండా మాయమైపోయాడు. 2021లో దానికి సిగ్నమ్ అని కొత్త పేరు పెట్టుకున్నారు, అభిమానులు కొందరు ఇంకా నడుపుతున్నారు. అక్కడితో దాన్ని వదిలేద్దాం.

చియా ఫార్మింగ్ అంటే ఏమిటో తంబోలా ఆడినవాళ్లకు సులభంగా చెప్పవచ్చు. మీ డిస్కు నిండా తంబోలా టికెట్లు ముద్రించి పెట్టుకుంటారు. ఒక్కో కట్ట పేరు ప్లాటు. మామూలు సైజు ప్లాటు 101.4 జీబీ. దాదాపు ప్రతి 9 సెకన్లకు ఒక నంబరు పిలుస్తారు. మీ కట్టల్లో చాలా వాటిని ఆ సారి తెరవనే తెరవరు. మొదట్లో 512 కట్టలకు ఒకటి చూసేవారు, 2024 జూన్ నుంచి 256కు ఒకటి చూస్తున్నారు. చూసిన దాంట్లో మీ టికెట్టు ఆ వేళకు పెట్టిన హద్దును అందుకుంటే ఆ బ్లాకు, అంటే లావాదేవీల చిట్టాలో తర్వాతి పేజీ రాసి బహుమతి కాయిన్లు తీసుకునే హక్కు, మీది. అందువల్ల డిస్కు ఎక్కువ సేపు ఖాళీగానే తిరుగుతుంది, పని తక్కువ. మీ సీసీ కెమెరాల డిస్కులు రాతకు తయారైనవి, ఇక్కడ పని చదవడమే. అయినా ఇబ్బంది లేదు.

కష్టమంతా టికెట్లు ముద్రించడంలో ఉంది. నేను మొదలుపెట్టినప్పటి పద్ధతిలో ఒక్క ప్లాటు తయారయ్యేలోగా తాత్కాలిక డిస్కు మీద దాదాపు 1.4 టీబీ రాత పడేది. నా ఏడు డిస్కులకు పట్టేవి దాదాపు 510 ప్లాట్లు. అంటే 700 టీబీకి పైగా రాత. ఆ తాత్కాలిక పనికి నేను కొన్న ఒక టీబీ ఎస్‌ఎస్‌డీకి (వేగమైన డిస్కు) కంపెనీ హామీ ఇచ్చిన రాత 600 టీబీ. నెలన్నర తిరక్కుండానే దాని ఆరోగ్యం 4 శాతం అని చూపించింది. నలభై ఏళ్ల మనిషి ఆరు వారాల్లో తొంభై ఏళ్ల ముసలివాడైనట్టు. ‘పర్యావరణానికి మేలు చేసే కాయిన్’ అని మీ బావగారు అంటున్నారే, ఆ మాట నడిపే కరెంటు విషయంలో నిజం. ముద్రణలో చచ్చిన ఎస్‌ఎస్‌డీల లెక్క మాత్రం ఆ ప్రకటనలో రాయలేదు. తర్వాత ఎక్కువ ర్యామ్‌లోనే ప్లాటు తయారుచేసే ప్రోగ్రాములు, గ్రాఫిక్స్ కార్డుతో చేసేవి వచ్చి ఈ బాధ తగ్గింది. కానీ వాటిలో చాలా వాటికి వంద జీబీకి పైగా ర్యామ్ కావాలి. మీ దుకాణంలో బిల్లులు వేసే కంప్యూటర్లో అంత ఉండదు.

రెండో దెబ్బ పూల్స్, అంటే అందరూ కలిసి ఆడి గెలుపు పంచుకునే జట్ల రూపంలో తగిలింది. 2021 ఏప్రిల్ చివర్లో నెట్‌వర్క్‌లో అందరి డిస్కు చోటూ కలిపి ఒక ఎగ్జాబైటు దగ్గర ఉండేది. జూలై నాటికి దాదాపు ముప్పైకి చేరింది. ముప్పై ఎగ్జాబైట్లంటే మూడు కోట్ల టెరాబైట్లు. అందులో నాది 56. అందరికీ కలిపి రోజుకు 4,608 బ్లాకులు, గుణించి చూస్తే నాకు సగటున నాలుగు నెలలకు ఒక గెలుపు. ఒంటరిగా కూర్చుంటే అది ఆరు నెలలైనా రాకపోవచ్చు, అందుకే జూలైలో అధికారికంగా పూల్ పద్ధతి తెచ్చారు. అయితే అంతకు ముందు ముద్రించిన ప్లాట్లు పూల్‌కు పనికిరావు. మళ్లీ మొదటి నుంచి ముద్రించుకోవాలి. ఇంకో ఎస్‌ఎస్‌డీ.

మొండిపట్టుతో సగం డిస్కుల్లో పాత ప్లాట్లు అలాగే ఉంచాను. సెప్టెంబరులో ఒక రాత్రి రెండు కాయిన్లు వచ్చాయి. ఆనాటి ధరకు ముప్పై వేలకు కాస్త అటూ ఇటూ. ఇంకా పెరుగుతుందని అమ్మలేదు. మేలో వెయ్యి డాలర్లకు పైగా పలికిన ధర ఏడాది తిరిగేసరికి వంద లోపుకు దిగిందని మీరు ఇప్పుడు ఫోనులో చూసినా తెలుస్తుంది. నేను డిస్కులకు పెట్టింది లక్షా పన్నెండు వేలు.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం. పన్నెండు డిస్కులు, ఒక్కోటి 5 వాట్లు అనుకుంటే 60. వాటిని మోసే కంప్యూటర్, ఫ్యాన్లు కలిపి ఇంకో 50. మొత్తం 110 వాట్లు, నెలంతా తిరిగితే 79.2 యూనిట్లు. ఇంట్లో ఇప్పటికే ఏసీ, ఫ్రిజ్ ఉండి 225 యూనిట్లు దాటి ఉంటే, ఈ 79 యూనిట్లూ 8.75 రూపాయల స్లాబులో పడతాయి. నెలకు 693 రూపాయలు. 400 దాటితే 9.75. దుకాణం మీటరు మీద నడిపితే అది వాణిజ్య కేటగిరీ, మొదటి యూనిట్ నుంచే ఎక్కువ. పొలంలో మోటారు షెడ్డుకు ఉచిత కరెంటు ఉంది కదా అని ఎవరైనా సలహా ఇస్తే, ఆ మనిషితో స్నేహం తగ్గించుకోండి. మొదటిది అది నేరం. రెండోది, అది పగలు తొమ్మిది గంటలే వస్తుంది. మూడోది, మీ డిస్కులను ఎలుకలు చూసుకుంటాయి.

రాబడి వైపు చూద్దాం. 2024 మార్చిలో చియా బహుమతి సగానికి తగ్గింది, ఇప్పుడు బ్లాకుకు ఒక కాయిన్. రోజుకు 4,608 కాయిన్లు దేశదేశాల్లో అందరికీ కలిపి. లెక్క కోసం నెట్‌వర్క్ 15 ఎగ్జాబైట్లు అనుకుందాం, అంటే కోటిన్నర టెరాబైట్లు. మీవి 48. రోజుకు 0.0147, నెలకు 0.44 కాయిన్. కరెంటు బిల్లు ఒక్కటే తీరాలంటే కాయిన్ ధర దాదాపు 1,575 రూపాయలు ఉండాలి. నెట్‌వర్క్ పరిమాణం, కాయిన్ ధర ఏ రోజుకారోజు చూడవచ్చు, పై లెక్కలో ఆ రెండు అంకెలు మార్చి మీరే వేసుకోండి. నేను చాలాకాలంగా అప్పుడప్పుడు వేస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా మనసు మార్చుకోవలసిన అవసరం రాలేదు.

దీని మీద పన్ను. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం, దానిపై సెస్సు. అమ్మినప్పుడు ఒక శాతం టీడీఎస్ అదే ఏడాది జూలై నుంచి. కొన్న ఖరీదు తప్ప ఇంకే ఖర్చూ తీసేయనివ్వరు. మీరు కాయిన్ కొనలేదు, పండించారు. కరెంటు బిల్లు చూపిస్తే కుదరదు, డిస్కు బిల్లు చూపిస్తే కుదరదు. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో సర్దుకోనివ్వరు. వరి పండిస్తే ఎరువు ఖర్చు పోను మిగిలిందే ఆదాయం. ఈ సేద్యంలో మాత్రం ధాన్యమంతా ఆదాయమే.

ఇక మీ స్నేహితుడి వాదన. చియా డిస్కుల్లో ఉన్నది చెత్త, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు, ఫైల్‌కాయిన్‌లో నిజమైన ఫైళ్లు దాస్తారు, కాబట్టి అదే అసలైనది అంటున్నాడు కదా. మొదటి సగం పూర్తిగా నిజం. తంబోలా టికెట్లను ఎవరూ చదవరు. రెండో సగంలో ఆయన ఒక సంగతి దాచాడు, లేదా ఆయనకే తెలియదు. ఫైల్‌కాయిన్‌లోనూ ఖాళీ చోటును చూపించి బ్లాకులు గెలవవచ్చు, దానికి కమిటెడ్ కెపాసిటీ అని మర్యాదగా పేరు కూడా ఉంది. నిజమైన ఖాతాదారుల ఫైళ్లు పెట్టించడానికే ధ్రువీకరించిన డేటాకు గెలిచే బలం పది రెట్లు ఇచ్చే పథకం తేవలసి వచ్చింది. గోదాములో సరుకు పెడితే పది రెట్లు ఇస్తామని ప్రభుత్వమే ప్రకటించిందంటే, అంతవరకు గోదాములు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు.

మీకు ఫైల్‌కాయిన్ కుదరకపోవడానికి అసలు కారణం వేరే. 2017లో 25 కోట్ల డాలర్లకు పైగా సేకరించి, 2020 అక్టోబరు 15న మొదలైన నెట్‌వర్క్ అది. ఇళ్లలో వాళ్ల కోసం కట్టింది కాదు. బ్లాకుల పోటీలో నిలబడాలంటేనే కనీసం 10 టీబీ చూపించాలి. 32 జీబీ ముక్కలుగా చోటును సీలు వేయాలి, ఆ పనికి కనీసం 128 జీబీ ర్యామ్, మంచి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కావాలి. అంతకంటే ముఖ్యం, ధరావతు. మన జిల్లాల్లో మిల్లర్లకు ప్రభుత్వ ధాన్యం ఇవ్వాలంటే ముందు బ్యాంకు గ్యారంటీ అడుగుతారు చూడండి, అచ్చం అదే. చోటు చూపించడానికి ముందే మీ ఫైల్‌కాయిన్లు తాకట్టు పెట్టాలి. ఆ తర్వాత ప్రతి 24 గంటలకు ఒకసారి, మీ దగ్గర ఉన్నదంతా ఉందని రుజువు పంపాలి. పంపకపోతే జరిమానా, చాలా రోజులు పంపకపోతే తాకట్టు సొమ్ములో కోత.

ఇప్పుడు 2018 అక్టోబరు గుర్తు చేసుకోండి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం వైపు ఎన్ని రోజులు కరెంటు లేదో మీకు నేను చెప్పనక్కరలేదు. స్తంభాలన్నీ నేల మీద ఉంటే మీరు ఎవరికి రుజువు పంపుతారు? ఆ రోజుల్లో చియా లాంటిది నడిచి ఉంటే నష్టం ఆ కొద్ది రోజుల అవకాశాలే. కరెంటు వచ్చాక మళ్లీ ఆన్ చేస్తే చాలు, పాత ప్లాట్లు అలాగే పనిచేస్తాయి, జరిమానా లేదు. చియాను ఇంత తిట్టిన నేను ఈ ఒక్క విషయంలో దాన్నే మెచ్చుకుంటాను. మనలాంటి తీరానికి తగిన మెతక స్వభావం దానిదే.

మూడో పేరు స్టోర్జ్. మీ ముగ్గురు సలహాదారుల్లో ఎక్కువ తెలివైనవాడు దాన్ని చెప్పినాయనే అని నా అనుమానం. ఇది లాటరీ కాదు, శుద్ధ గోదాము అద్దె. ఖాతాదారుడి ఫైలును ముక్కలు చేసి, పదుల సంఖ్యలో వేర్వేరు చోట్ల దాస్తారు. వాటిలో కొన్ని ముక్కలు దొరికినా ఫైలు మళ్లీ తయారవుతుంది. నేను నోడు (అలా చోటు అద్దెకిచ్చే కంప్యూటర్) నడిపినప్పుడు నిల్వకు నెలకు టెరాబైటుకు 1.50 డాలర్లు ఇచ్చేవారు, స్టోర్జ్ టోకెన్ల రూపంలో. మీ స్నేహితుడు వెంటనే గుణించి, 48 టీబీకి 72 డాలర్లు, నెలకు ఆరు వేల రూపాయలు అంటాడు. ఆగమనండి. గోదాము ఉన్నంత మాత్రాన సరుకు రాదు. ఒకే ఇంటర్నెట్ చిరునామా పరిధిలోని నోడ్లన్నిటినీ ఒకటిగానే లెక్కగట్టి సరుకు పంచుతారు, కాబట్టి పన్నెండు డిస్కులు పెట్టినా ఒక డిస్కుకు వచ్చినంతే వస్తుంది. నాకు ఏడాదికి 4 టీబీ డిస్కు ఒక్కటి కూడా నిండలేదు. పైగా మొదటి తొమ్మిది నెలలు వచ్చిన దాంట్లో కొంత భాగం పట్టి ఉంచుతారు, మొదటి మూడు నెలలైతే 75 శాతం. మధ్యలో వదిలేసి పారిపోకుండా అది తాడు. అందులో సగం పదిహేనో నెలలో తిరిగి ఇస్తారు.

రెండు అడ్డంకులు మీరు ముందే చూసుకోవాలి. ఒకటి, బయటి నుంచి మీ కంప్యూటరుకు దారి ఉండాలి. మా ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్‌లో వందల ఇళ్లకు కలిపి ఒకే బయటి చిరునామా ఇచ్చారని నాకు మూడు రోజులు కుస్తీ పట్టాక తెలిసింది. సొంత చిరునామా కావాలంటే నెలకు అదనంగా డబ్బు కట్టమన్నారు. వచ్చే అద్దె కంటే అదే ఎక్కువ. చివరికి దుకాణంలో వేరే కనెక్షన్ ఉంటే అక్కడికి మార్చాను. రెండు, డిస్కు రకం. కొన్ని డిస్కుల్లో రాత గీతలు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, వాటిని ఎస్‌ఎంఆర్ అంటారు. చియాకు అవి చక్కగా సరిపోతాయి, ఒకసారి రాసి చదవడమే కదా. స్టోర్జ్‌లో రోజంతా చిన్న చిన్న ముక్కలు వస్తూ, పోతూ ఉంటాయి. ఎస్‌ఎంఆర్ డిస్కు ఆ రాతకు ఊపిరాడక ఆగిపోతుంది. డిస్కు మీద మోడల్ నంబరు చూసి రకం తెలుసుకోండి. ఆన్‌లైన్ స్కోరు 60 శాతం కిందకు పడితే సస్పెండ్ చేస్తారు, అంటే వేసవిలో కోతలకు యూపీఎస్ కావాలి. అది మీ దుకాణంలో ఎలాగూ ఉంటుంది.

2023 జూలైలో వచ్చిన స్పేస్‌మెష్ గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఇళ్లలో వాళ్ల కోసమే అన్న దాని ఉద్దేశం నాకు నచ్చింది. రెండు వారాలకోసారి చోటు చూపించిన అందరికీ ఎంతో కొంత పంచుతుంది. పంచే కాయిన్ విలువ గురించి మాట్లాడుకోవద్దు. అలాగే చియా ప్లాట్లతోనే నడిచే పిల్ల కాయిన్లు 2021లో కుక్కగొడుగుల్లా మొలిచాయి. వాటి ప్రోగ్రాముల్లో మీ 24 పదాల రహస్య వాక్యం ఎక్కిస్తే, అసలు కాయిన్ల తాళం కూడా వాళ్ల చేతికి ఇచ్చినట్టే. ఆ పదాలు ఎవరు అడిగినా ఇవ్వకండి, మీ బావగారు అడిగినా.

అయితే ఏం చేయాలి? నేనైతే ఇలా చేస్తాను. ఎలాగూ ఇరవై నాలుగు గంటలూ నడిచే కంప్యూటర్ ఏదైనా దుకాణంలో ఉంటే, దానికి ఒక్క డిస్కు తగిలించి స్టోర్జ్ నోడు పెడతాను. అదనపు కరెంటు నెలకు నాలుగు యూనిట్లు. వచ్చేది టీ ఖర్చే, కానీ నష్టం రాదు, నేర్చుకోవడానికి బాగుంటుంది. మిగిలిన పదకొండింటిని ఏ కాయిన్‌కూ ఇవ్వను.

వాటికి మన ఊళ్లలోనే గిరాకీ ఉంది. రాజాంలో, బొబ్బిలిలో, పాలకొండలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోల్లోకి ఒకసారి వెళ్లి చూడండి. ఒక్కో పెళ్లికి వందల జీబీలు. అదంతా ఒకే ఒక్క ఎక్స్‌టర్నల్ డిస్కులో, టేబులు అంచున ఉంటుంది. కిందటేడాది నా దగ్గరకు ఒకతను అలా కింద పడ్డ డిస్కు తెచ్చాడు. అందులో పందొమ్మిది పెళ్లిళ్లు ఉన్నాయి. పదమూడు తీయగలిగాను. మిగతా ఆరు కుటుంబాలకు అతను ఏం చెప్పాడో నేను అడగలేదు. అలాంటివాళ్లకు రెండు డిస్కుల్లో రెండు ప్రతులు పెట్టి, నెలకు ఇంత అని తీసుకుంటే, టెరాబైటుకు స్టోర్జ్ ఇచ్చే దాని కంటే ఎక్కువే వస్తుంది. టోకెన్ల గొడవ ఉండదు. కరెంటు బిల్లు ఖర్చుగా రాసుకోవచ్చు. డిస్కులు ఎప్పుడూ తిరగనక్కరలేదు కూడా, రాసి బీరువాలో పెట్టడమే. మన తీరంలో ఉప్పు గాలికి కనెక్టర్లు పచ్చబడతాయి కాబట్టి సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టండి.

అంతకంటే ముందు ఒక పని. ప్రతి డిస్కునూ, తన ఆరోగ్యం తానే చెప్పే స్మార్ట్ పరీక్షలో పెట్టి మూడు అంకెలు రాసుకోండి: నడిచిన గంటలు, చెడిపోయి మార్చిన సెక్టర్లు (డేటా దాచే చిన్న గదులు), మార్చడానికి వేచి ఉన్న సెక్టర్లు. సీసీ కెమెరా డిస్కు రాత్రింబవళ్లు నడుస్తుంది, ఐదేళ్లకు దాదాపు 44 వేల గంటలు. నలభై వేలు దాటినవి, వేచి ఉన్న సెక్టర్లు సున్నా కానివి పక్కన పెట్టండి, వాటిలో ఎవరి పెళ్లీ పెట్టవద్దు. నడిచిన గంటలు మరీ తక్కువగా కనిపిస్తే దాన్నీ అనుమానించండి. 2025 మొదట్లో జర్మనీలో, చియా ఫార్ములలో అరిగిపోయాయని అనుమానించిన డిస్కులు గంటల లెక్క సున్నా చేసి కొత్తవిగా అమ్ముడైనట్టు బయటపడింది. సీగేట్ డిస్కుల్లో ఇంకో లోపలి లెక్క ఉంటుంది, దాన్ని చూసి పట్టుకున్నారు. దాని పేరు కూడా ఫార్మ్ అనే.

ఆ మూడు అంకెలు పన్నెండింటికీ రాసి, మోడల్ నంబర్లతో ఇక్కడే పెట్టండి. ఏది స్టోర్జ్‌కు తగినదో, ఏవి బీరువాకో, ఏవి పాత సామాన్ల వాడికో నేను చూసి చెబుతాను.